రూల్ 5 డైరీ: ఈ ఒక్క ఫస్ట్ పిక్

2024 సెప్టెంబర్ 29, ఆదివారం

సీజన్ ముగిసింది. మా బేస్‌బాల్ జట్టు షికాగో వైట్ సాక్స్ 41 గెలిచి 121 ఓడింది. 1962లో న్యూయార్క్ మెట్స్ 120 ఓడిన రికార్డు మొన్న శుక్రవారం డెట్రాయిట్‌లో మా పేరు మీదికి వచ్చింది. 1900 తర్వాత ఒక్క సీజన్‌లో ఇన్ని మ్యాచ్‌లు ఓడిన జట్టు ఇంకోటి లేదు. అంతకుముందు 35వ వీధి స్టేడియంలో సొంత ప్రేక్షకుల ముందు ఏంజెల్స్ మీద వరుసగా మూడూ గెలిచారు. ఆ మూడింట్లో ఒకదానికి నేనూ మా అమ్మాయీ వెళ్లాం. చివరి అవుట్ పడ్డాక అక్కడున్న వాళ్లు చప్పట్లు కొట్టిన తీరు చూశాక ఈ జట్టును వదిలిపెట్టడం నా వల్ల కాదని తేలిపోయింది.

ఇంటికొస్తూ కారులో అమ్మాయి అడిగింది, "నాన్నా, చివర్న ఉన్నాం కదా, వచ్చే డ్రాఫ్ట్‌లో ఫస్ట్ పిక్ మనదేనా?" కాదు. జట్లు వంతులవారీగా స్కూలు, కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే ఆ డ్రాఫ్ట్‌లో ముందు వంతులు, అంటే పిక్‌లు, లాటరీతో తేలతాయి. ఆదాయంలోంచి చిన్న జట్లకు వాటా చెల్లించే పెద్ద ఊరి జట్టు వరుసగా రెండేళ్లు లాటరీలో పిక్ అందుకోకూడదని నిబంధన. నిరుడు లాటరీలో మాకు ఐదో పిక్ వచ్చింది కాబట్టి 2025లో ఎంత బాగా కలిసొచ్చినా పదోదే. 121 ఓడినా పదోదే.

కానీ ఇంకో డ్రాఫ్ట్ ఉంది. డిసెంబర్‌లో జరిగే రూల్ 5, మిగతా క్లబ్‌లు కాపాడుకోని కుర్రాళ్లను తీసుకునే డ్రాఫ్ట్. దానికి లాటరీ లేదు. పట్టికలో అట్టడుగున ఉన్నవాళ్లే ముందు పిలుస్తారు. ఈ ఏడాది మాకు దక్కే ఫస్ట్ పిక్ అదొక్కటే. డిసెంబర్ 11లోగా ఆ పిక్‌కి మా ఇంటి జాబితా మేమే తయారు చేయాలని ఇద్దరం అనుకున్నాం. షికాగో శివారు నేపర్‌విల్‌లో మా వంటింటి బల్ల, ఒక లాప్‌టాప్, అమ్మాయి లెక్కల నోట్సులో మిగిలిన తెల్లకాగితాలు. ఇవే మా సరంజామా.

అక్టోబర్ 31, గురువారం, దీపావళి

నిన్న రాత్రి డాడ్జర్స్ యాంకీస్‌ని ఐదో మ్యాచ్‌లో ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచారు. ఈరోజు ఐపీఎల్ జట్లు అట్టిపెట్టుకున్న ఆటగాళ్ల పేర్లు బయటపెట్టే రోజు. మా తోడల్లుడు షామ్‌బర్గ్‌లో ఉంటారు, నాకంటే ఆరేళ్లు పెద్ద, ఇరవై ఏళ్లుగా షికాగోలోని ఇంకో జట్టు కబ్స్ అభిమాని. పండక్కి వాళ్లింటికి వెళితే కాకరపువ్వొత్తులు వెలిగించే ముందే సన్‌రైజర్స్ సంగతి ఎత్తుకున్నారు. క్లాసెన్‌కి 23 కోట్లు, కమ్మిన్స్‌కి 18, హెడ్‌కీ అభిషేక్‌కీ చెరో 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6.

రూల్ 5 గురించి ఆయనకు చెప్పడానికి అదే పనికొచ్చింది. అన్నయ్యా, ఇదీ ఒక రకం అట్టిపెట్టుకోవడమే అన్నాను. ఒక్కో మేజర్ లీగ్ క్లబ్ కింద ట్రిపుల్ ఏ, డబుల్ ఏ, హై ఏ, సింగిల్ ఏ అంటూ మెట్టుమెట్టుకీ ఒక జట్టు, ప్రతి మెట్టు మీదా కుర్రాళ్లు. క్లబ్ గట్టిగా తన గుప్పిట్లో పెట్టుకోగలిగేది నలభై మందినే. 18 ఏళ్లకో అంతకంటే ముందో సంతకం చేసినవాణ్ని ఐదు సీజన్లలోపు, 19 ఏళ్లకో ఆ తర్వాతో చేసినవాణ్ని నాలుగు సీజన్లలోపు ఆ నలభైలోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే డిసెంబర్‌లో ఎవరైనా లక్ష డాలర్లు కట్టి తీసుకుపోవచ్చు.

ఆయన వెంటనే, "తమ్ముడూ, అంత మంచివాడైతే వాళ్లెందుకు వదులుతారు?" అన్నారు.

నలభై కుర్చీలే ఉన్న ఇంట్లో నలభై ఒకటో మనిషి మంచివాడైనా నిలబడాల్సిందే అన్నాను. ఆయనకు పూర్తిగా నచ్చలేదు. తీసుకెళ్లినవాణ్ని ఏడాది పొడుగునా 26 మంది అసలు జట్టులోనే ఉంచాలని, కింది లీగ్‌కి పంపకూడదని, పంపాలంటే ముందు వేవర్స్‌లో మిగతా జట్లకు చూపించి, ఎవరూ తీసుకోకపోతే పాత క్లబ్‌కి సగం డబ్బుకి తిరిగి అప్పజెప్పాలని చెప్పేసరికి, "అదీ అసలు మెలిక" అన్నారు. ఇంటికొచ్చాక ఆ మాటే నోట్సులో మొదటి పేజీ మీద రాశాను.

నవంబర్ 9, శనివారం

మొదటి చిత్తు జాబితా తప్పులతడక అయింది. కారణం రాసి పెడుతున్నాను, మళ్లీ చేసేవాళ్లకు పనికొస్తుంది.

అర్హత తేల్చడానికి సంతకం చేసిన సంవత్సరం ఒక్కటే చూశాను. అది చాలదు. సంతకం చేసిన ఏడాది జూన్ 5 నాటికి వయసెంతో చూడాలి. దాంతో కొందరు ఐదేళ్ల గడిలోంచి నాలుగేళ్ల గడిలోకి మారారు. రెండో తప్పు ఇంకా పెద్దది. లాటిన్ అమెరికా కుర్రాళ్ల సంతకాలు మామూలుగా జూలై 2న మొదలయ్యేవి. 2020లో కోవిడ్ వల్ల ఆ తేదీ 2021 జనవరి 15కి జరిగింది. అంటే ఆ గుంపంతా 2021 లెక్కలోకి వస్తుంది, వాళ్ల వంతు ఈ డిసెంబర్ కాదు, వచ్చే డిసెంబర్. నేను వాళ్లందరినీ ఇందులో కలిపేశాను. వారం రోజుల పని పోయింది.

ఆ తప్పు దిద్దుతుంటే ఒకటి కనబడింది. 2020లో అమెచ్యూర్ డ్రాఫ్ట్ ఐదు రౌండ్లతో ఆపేశారు, కాబట్టి ఆ ఏడాది హైస్కూల్ నుంచి వచ్చిన కుర్రాళ్లూ తక్కువే. అటు లాటిన్ అమెరికా గుంపు వెనక్కి జరిగింది, ఇటు హైస్కూల్ గుంపు పలచబడింది. ఈ ఏడాది కొత్తగా అర్హత పొందేవాళ్లలో ఎక్కువ మంది 2021లో కాలేజీ నుంచి వచ్చినవాళ్లే అవుతారు. అంటే ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ల వాళ్లు, డబుల్ ఏ దాకా ఎదిగినవాళ్లు. ఎక్కడ వెతకాలో అప్పుడు తెలిసింది.

నవంబర్ 19, మంగళవారం

గడువు రోజు. సాయంత్రం ఐదింటికల్లా ముప్పై క్లబ్‌లూ తాము కాపాడుకునే పేర్లు ఇచ్చేయాలి. ఆఫీసు కాల్ అయ్యీ అవగానే కూర్చున్నాను. ఒక్కో క్లబ్ ప్రకటన వస్తుంటే మా జాబితాలో పేర్లు కొట్టేయడమే పని. నేను ఆశపడ్డవాళ్లలో సగం మంది పోయారు. బాధే, కానీ ఇందులో ఉన్న మజా కూడా ఇదే. పొద్దున వందకు పైగా ఉన్న పేర్లలో రాత్రి భోజనాల వేళకు 38 మిగిలారు.

మిల్వాకీ బ్రూయర్స్ ప్రకటన రెండుసార్లు చదివాను. పిచ్చర్లను, అంటే బంతి వేసేవాళ్లను, తయారు చేయడంలో వాళ్లది అందె వేసిన చెయ్యి. అలాంటిచోట నలభై ఒకటోవాడు కూడా మంచి పిచ్చరే అయి ఉంటాడు. షేన్ స్మిత్ అనే పేరు వాళ్లు కాపాడుకోలేదు. వేక్ ఫారెస్ట్‌లో చదివాడు, మోచేతికి టామీ జాన్ సర్జరీ అయింది, 2021లో ఇరవై రౌండ్ల డ్రాఫ్ట్‌లో ఏ క్లబ్బూ పిలవలేదు. తర్వాత బ్రూయర్స్ డ్రాఫ్ట్‌తో పనిలేకుండా సంతకం చేయించుకున్నారు. ఈ ఏడాది హై ఏ, డబుల్ ఏ కలిపి 94 ఇన్నింగ్సుల్లో (మ్యాచ్‌కి తొమ్మిది) 113 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్ చేయడం), ఈఆర్ఏ 3.05. ఈఆర్ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్సులకు పిచ్చర్ ఇచ్చే పరుగుల సగటు, తక్కువైతే మంచిది. సగం మ్యాచ్‌లు మొదటి నుంచి వేశాడు, సగం మధ్యలో వచ్చి వేశాడు.

నేను ఆకుపచ్చ రంగు వేసింది మాత్రం గేజ్ వర్క్‌మన్ పేరుకి. డెట్రాయిట్ టైగర్స్ వాడు, మూడో బేస్ దగ్గర ఫీల్డింగ్, ఎడమచేతి బ్యాటర్. డబుల్ ఏలో 18 హోమ్ రన్లు, 30 స్టీల్స్ (పరుగెత్తి తర్వాతి బేస్ కొట్టేయడం). స్ట్రైకవుట్లు ఎక్కువే. కానీ ఈ సీజన్‌లో మా బ్యాటింగ్ చూసినవాడెవడైనా బ్యాటర్నే కోరుకుంటాడు.

నవంబర్ 24, ఆదివారం

జెద్దాలో ఐపీఎల్ మెగా వేలం. తెల్లవారకముందే లేచి తోడల్లుడికి ఫోన్ చేస్తే అప్పటికే టీవీ ముందున్నారు. రిషభ్ పంత్‌కి 27 కోట్లు. రూల్ 5లో ఎవరిని తీసుకున్నా ఒకటే ధర, లక్ష డాలర్లు, మన లెక్కలో 85 లక్షలకు దగ్గర. వేలంలో డబ్బున్నవాడు గెలుస్తాడు. రూల్ 5లో చోటున్నవాడు గెలుస్తాడు. అదే మాట ఆయనతో అంటే కాసేపు ఆగి, "అయితే మా కబ్స్‌కి కష్టమే" అన్నారు. పోటీలో ఉండాలనుకునే జట్టుకి 26లో ఒక్క కుర్చీ కూడా ఖాళీగా ఉండదు.

నవంబర్ 29, శుక్రవారం

థాంక్స్‌గివింగ్ సెలవులు. అమ్మాయి జాబితాలో కొత్త గడి పెట్టింది. పేరు "ఉంటాడా?" పదికి ఎన్ని మార్కులు అన్నది కాదు దాని అర్థం. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా మన 26లో ఉండగలడా అని.

పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా వాదించుకున్నాం. అది వాళ్ల స్కూల్ సాఫ్ట్‌బాల్ జట్టులో పిచ్చర్, కాబట్టి పిచ్చర్ల పక్షం వహిస్తుందని ముందే అనుకున్నాను. కానీ లెక్క చెప్పింది. 26లో పిచ్చర్లు 13 మందికి మించకూడదు. మిగతా 13లో తొమ్మిది మంది ఆడతారు, నలుగురు బెంచీ మీద. ఆ నలుగురిలో ఒకడు రెండో క్యాచర్, మన వికెట్‌కీపర్ లాంటివాడు. మిగిలింది ముగ్గురు. వర్క్‌మన్‌ని తెస్తే ఆ మూడు కుర్చీల్లో ఒకటి వాడిది. వాడు వారానికి రెండుసార్లు బ్యాట్ పట్టుకుని ఏం నేర్చుకుంటాడు? ప్రతి బంతీ మేజర్ లీగ్ బంతే, తప్పు సరిచేసుకోవడానికి రేపు ఆట ఉండదు. పిచ్చర్‌కి అలా కాదు. బుల్‌పెన్‌లో, అంటే మధ్యలో వచ్చి వేసే పిచ్చర్ల గుంపులో, ఎనిమిది మంది ఉంటారు. ఆరు పరుగులు వెనకబడ్డ మ్యాచ్‌లో ఏడో ఇన్నింగ్సు ఇచ్చి, నిదానంగా బరువు పెంచుకుంటూ పోవచ్చు. మధ్య రోజుల్లో కోచ్ పక్కన నిలబడి కొత్త బంతి నేర్చుకోవచ్చు.

"నాన్నా, మన దగ్గర మంచి ప్లేయర్స్ లేరు. కానీ ఇన్నింగ్స్ ఉన్నాయి," అంది.

దానికి జవాబు నా దగ్గర లేకపోయింది. పాత కథలు తిరగేశాం. 1999లో మిన్నెసోటా ట్విన్స్‌ది ఫస్ట్ పిక్, మార్లిన్స్‌ది రెండోది. ముందే మాట్లాడుకుని ఇద్దరూ పిక్‌లు మార్చుకున్నారు, ట్విన్స్ చేతికి యోహాన్ సంతానా వచ్చాడు. 2000లో వాడి ఈఆర్ఏ 6.49. గెలిచే జట్టయితే మే నెలలోనే వెనక్కి పంపేది. 93 మ్యాచ్‌లు ఓడిన ట్విన్స్ ఉంచుకున్నారు. 2004లోనూ 2006లోనూ వాడే ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు.

బ్యాటర్ల పక్షాన నా దగ్గరా పెద్ద పేరే ఉంది. 1954 నవంబర్‌లో ఆఖరి స్థానంలో ఉన్న పిట్స్‌బర్గ్ పైరేట్స్ బ్రూక్లిన్ డాడ్జర్స్ దగ్గర్నుంచి 4,000 డాలర్లకు తెచ్చుకున్న కుర్రాడు రొబెర్టో క్లెమెంతే. అది విని అమ్మాయి, "ఆయన్ని పైరేట్స్ బెంచీ మీద కూర్చోబెట్టారా, ఆడించారా?" అని అడిగింది. ఆడించారు. "అయితే మనం వర్క్‌మన్‌ని రోజూ ఆడిస్తామా?" నేను ఆడిస్తామన్నాను. అది తల అడ్డంగా ఊపింది. జాబితాలో వర్క్‌మన్ ఒకటో స్థానంలోనే ఉన్నాడు, కానీ "ఉంటాడా?" గడి ఖాళీగా వదిలేశాం.

డిసెంబర్ 7, శనివారం

పొద్దున్నే అరోరా బాలాజీ గుడికి వెళ్లొచ్చి, ప్రసాదం పులిహోర బల్ల మీద పెట్టుకుని చివరి జాబితా ఖాయం చేశాం. తోడల్లుడూ వచ్చారు. పై వరుస ఇది: వర్క్‌మన్, తర్వాత టైగర్స్ క్యాచర్ లియామ్ హిక్స్, మూడు షేన్ స్మిత్, నాలుగు మెట్స్ కుర్రాడు మైక్ వాసిల్.

హిక్స్ మీద నాకు మనసు లాగింది. టొరంటో కుర్రాడు, జూలైలో కార్సన్ కెల్లీ బేరంలో రేంజర్స్ నుంచి టైగర్స్‌కి వచ్చాడు. చెత్త బంతుల్ని వదిలేసి వాక్ (ఊరికే మొదటి బేస్‌కి వెళ్లడం) తీసుకోవడంలో ఓపికున్నవాడు. రెండో క్యాచర్ కుర్చీ ఎలాగూ ఉంటుంది కాబట్టి బ్యాటర్లలో దాచగలిగేది వాడొక్కణ్నే అని అమ్మాయి కూడా ఒప్పుకుంది.

గాయపడ్డవాళ్లను ఏం చేయాలన్న దగ్గర ముగ్గురం ఆగిపోయాం. సర్జరీ అయినవాణ్ని తీసుకుంటే గాయాల జాబితాలో పెట్టుకోవచ్చు, కుర్చీ ఖర్చు కాదు. 2020లో బోస్టన్ రెడ్ సాక్స్ మోచేతి సర్జరీ నుంచి కోలుకుంటున్న గారెట్ విట్‌లాక్‌ని యాంకీస్ దగ్గర్నుంచి తెచ్చుకుంది, మరుసటేడు 1.96 ఈఆర్ఏ. కానీ కనీసం 90 రోజులు ఆ 26 మందిలో లేకపోతే ఆ షరతు పై ఏడాదికి సాగుతుంది. అదీగాక మా క్లబ్‌కే నిరుడు దెబ్బ తగిలింది. 2023లో రెడ్ సాక్స్ నుంచి తెచ్చిన షేన్ డ్రోహన్ భుజం సర్జరీ పాలై, మాకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగి వెళ్లిపోయాడు. గాయపడ్డవాళ్లను పక్కన పెట్టేశాం. ఫస్ట్ పిక్‌ని మంచం మీద పడుకోబెట్టడానికి నాకు మనసొప్పలేదు.

డిసెంబర్ 11, బుధవారం

డాలస్‌లో వింటర్ మీటింగ్స్, అంటే క్లబ్‌ల వార్షిక సమావేశాల, ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనం మానేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఇదంతా హడావిడి లేని పని. క్లబ్ పేరు పిలుస్తారు, వాళ్లు ఆటగాడి పేరు చెప్తారు, లేదా "పాస్" అంటారు.

మొదటి పేరు షికాగో వైట్ సాక్స్. పిలిచింది షేన్ స్మిత్‌ని.

స్కూల్లో ఉన్న అమ్మాయికి మెసేజ్ పెట్టాను. క్లాసులో ఫోన్ తీయకూడదని తెలిసీ పెట్టాను. మా జాబితాలో మూడోవాడు. దాని లెక్కలో ఒకటోవాడు.

తర్వాత మార్లిన్స్ హిక్స్‌ని తీసుకున్నారు. ఇంకాసేపటికి కబ్స్ వంతు. వర్క్‌మన్! తోడల్లుడు ఫోన్ చేసి, "తమ్ముడూ, మీ ఒకటో నంబర్ మా ఇంటికొచ్చాడు" అన్నారు. సంతోషం గొంతులోనే తెలిసింది. వాసిల్‌ని ఫిలడెల్ఫియా పిలిచి టాంపా బేకి అమ్మేసింది. మొత్తం 15 మంది.

ఇదే రోజు మా క్లబ్ గారెట్ క్రోషేని బోస్టన్‌కి ఇచ్చేసింది. 121 ఓటముల ఏడాదిలో చూడ్డానికి వెళ్లాలనిపించిన ఒకే ఒక్క పిచ్చర్. 146 ఇన్నింగ్సులు, 209 స్ట్రైకవుట్లు. బదులుగా కైల్ టీల్, బ్రేడెన్ మాంట్‌గోమరీ, చేస్ మైడ్రోత్, వికెల్మన్ గొంజాలెజ్ వచ్చారు. నలుగురూ కుర్రాళ్లే. రాత్రి అమ్మాయి ఏడ్చింది. ఒకే రోజు పెద్ద పిచ్చర్ పోయాడు, ఎవరికీ తెలియని పిచ్చర్ వచ్చాడు.

2025 మార్చి 27, గురువారం

సీజన్ మొదలు. స్మిత్ జట్టులో ఉన్నాడు, బుల్‌పెన్‌లో కాదు, ఏకంగా మొదటి నుంచి వేసే ఐదుగురిలో. ఒక మూల దాచి నేర్పిస్తారని మేమనుకుంటే, క్లబ్ మాకంటే ధైర్యం చేసింది. స్ప్రింగ్ క్యాంపులో కొత్త ఛేంజప్ (బ్యాటర్‌ని మోసగించే నెమ్మది బంతి) వేస్తున్నాడని చదివాను.

ఇంకో సంగతి. టాంపా బే వదిలేసిన వాసిల్‌ని ఈ నెలలోనే మావాళ్లు వేవర్స్‌లో తీసుకున్నారు. రూల్ 5 షరతు ఆటగాడి వెంటే వస్తుంది. జట్టు మారినా సీజనంతా 26లో ఉంచాల్సిందే. అంటే ఒక్క ఏడాదిలో ఇద్దరు. ఇంకే జట్టూ అంత చోటివ్వదు.

మే 10, శనివారం

వర్క్‌మన్ కథ ముగిసింది. రాయాలంటే కష్టంగా ఉంది కానీ రాస్తున్నాను.

స్ప్రింగ్‌లో అదరగొట్టి కబ్స్ జట్టులోకి వచ్చాడు. వాళ్లు గెలవాలని ఆడుతున్నారు, మూడో బేస్‌లో నేర్చుకుంటూ ఉండమని చెప్పే తీరిక లేదు. వాడు బెంచీ మీద కూర్చున్నాడు. ఏప్రిల్ చివర్లో చోటు ఖాళీ చేయించారు. మావాళ్లు తెచ్చుకున్నారు! నాకు పట్టరాని సంతోషం. కొద్ది రోజులే. మా దగ్గరా రోజూ ఆడించే వీలు కుదరలేదు, మేలో తిరిగి డెట్రాయిట్ వాళ్లకే చేరాడు. ఊళ్లో రెండు జట్లూ చూసి వెళ్లాడు పాపం.

అమ్మాయి నవంబర్‌లో ఖాళీగా వదిలిన గడి నింపమన్నాను. నింపలేదు. "వాడు ఆడలేడని కాదు కదా నాన్నా, ఆడనివ్వలేదు," అంది. ఆ గడి అలాగే ఉంది.

జూలై 15, మంగళవారం

అట్లాంటాలో ఆల్ స్టార్ మ్యాచ్, అన్ని జట్ల మేటి ఆటగాళ్లు ఆడేది. వైట్ సాక్స్ తరఫున ఒకే ఒక్కడు, షేన్ స్మిత్. రూల్ 5లో వచ్చిన మరుసటి ఏడాదే ఆల్ స్టార్ అవడం అరుదు. 2006లో డాన్ అగ్లా అయ్యాడు. పరిచయాల్లో స్మిత్ పేరు చదివినప్పుడు తోడల్లుడు, మా ఆవిడ, వదిన, అందరం లేచి నిలబడ్డాం. డ్రాఫ్ట్‌లో ఇరవై రౌండ్లు ఎవరూ పిలవని కుర్రాడు. అమ్మాయి నవంబర్ నాటి కాగితం తీసుకొచ్చి టీవీ పక్కన పెట్టి ఫోటో తీసుకుంది.

సెప్టెంబర్ 28, ఆదివారం

60 గెలుపులు, 102 ఓటములు. మా అమెరికన్ లీగ్‌లో ఇంకా అట్టడుగునే ఉన్నాం, కానీ గెలుపులు నిరుటికంటే 19 ఎక్కువ.

స్మిత్ 29 మ్యాచ్‌లు మొదటి నుంచి వేశాడు. ఈఆర్ఏ 3.81, 145 స్ట్రైకవుట్లు. వాసిల్ 101 ఇన్నింగ్సులు వేసి 2.50 దగ్గర నిలిచాడు. మియామీలో హిక్స్ కూడా ఏడాదంతా నిలబడ్డాడు. స్మిత్ వేసిన ఇన్నింగ్సులు చూసి క్రోషే పాత లెక్క తీశాను. 2024లో క్రోషే మాకు వేసింది 146. స్మిత్ ఈ ఏడాది వేసిందీ 146, పైన ఒక అవుట్.

ఇద్దరి మీదా షరతు ఈరోజుతో తీరిపోయింది. ఇకమీద పూర్తిగా మావాళ్లే. జనవరి 2021లో సంతకం చేసిన లాటిన్ అమెరికా గుంపు ఈ డిసెంబర్‌కి అర్హులవుతారు. నిరుడు పొరపాటున కలిపేసిన ఆ పేర్లు పాత చిత్తులో అలాగే ఉన్నాయి. అమ్మాయి వాటిని కొత్త జాబితాలోకి ఎక్కిస్తోంది. ఈసారి "ఉంటాడా?" గడిని అన్నిటికంటే ముందుకు జరిపింది.